మూటలాటలో మడతక్క

శనివారం మధ్యాహ్నం పెద్ద రోలరు ఆగిందో లేదో మడతగదికి పెళ్ళికళ వచ్చేసింది. బల్లలు గోడకి జరిగాయి, ట్రాలీలు మూలకి చేరాయి. ఎవరో కేకు పెట్టె తెచ్చి ఇస్త్రీ బల్ల మీద పెట్టారు. "అది ఇంకా కాలుతోందే తల్లీ, క్రీమంతా కారిపోతుంది!" అని ఇంకెవరో అరిచి దాన్ని కిటికీలోకి మార్చారు. అంత హడావిడిలోనూ ఆడవాళ్ళు ఒక పని మాత్రం మరిచిపోలేదు. మడతక్క చేతికి ఆమె సంచీ ఇచ్చి, గొడుగు ఇచ్చి, తలుపు చూపించారు.

"వెళ్ళిరా అక్కా," అంది ట్రాలీలు తోసే అమ్మాయి, నవ్వు బిగబట్టుకుని. "రూలు రూలే. పెట్టింది నువ్వే."

"నేను కాదన్నానా?" అంది మడతక్క. "మూటలాటలో అందరూ దుప్పటి కప్పుకుని గొంతుక్కూర్చోవాలి. నిలబడితే పొడుగు తెలిసిపోతుంది. అది మరిచిపోకండి."

"మరిచిపోం."

"దిండు పందెంలో ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకోవాలి. దొంగాట ఆడతారు, చూస్తూ ఉండు."

"అక్కా, బస్సు పోతుంది."

తలుపు మూసుకుంది. లోపల్నుంచి కేరింత వినబడింది. తన ఇంట్లో తన్నే అతిథిని చేసి సాగనంపినట్టు అనిపించింది మడతక్కకి.

హోటళ్ళ దుప్పట్లు, తువ్వాళ్ళు, దిండు గలీబులు ఉతికి పంపే లాండ్రీ అది. తడి దుప్పటి రోలరు కిందికి వెళ్ళి అవతలి వైపు వెచ్చగా, చదునుగా బయటికొస్తుంది. దాన్ని అందుకుని మడతపెట్టే బల్లకి ఆమె పెద్ద. వంకర మడత కంటపడితే ఆమె చెయ్యి ఆమె మాట వినదు. ఒకసారి బస్సులో ముందు సీటావిడ స్కార్ఫు అంచు ముడుచుకుని ఉంటే, అడక్కుండానే సరిచేసి నానా తిట్లూ తిన్న మనిషి. ఇంట్లో ఆమె భర్త, లిఫ్టులు బాగుచేసే పని ఆయనది, తువ్వాలు మూలకి మూల కలవకుండా ఆరేశానని గుర్తొస్తే మెట్ల దాకా వెళ్ళినవాడు కూడా నోరెత్తకుండా వెనక్కొచ్చి మళ్ళీ ఆరేస్తాడు.

లాండ్రీలో ఆటలు మొదలుపెట్టింది కూడా ఆమే. తన పెళ్ళికి ముందు రోజు సాయంత్రం దాకా ఆమె దుప్పట్లు మడతపెట్టింది, పెళ్ళయిన మర్నాడే మళ్ళీ బల్ల దగ్గర నిలబడింది. "నాకు పెళ్ళయిందన్న సంగతి నాకే ఎవరో గుర్తు చెయ్యాల్సొచ్చింది," అంటుంది ఇప్పటికీ. అందుకే తన పక్కన పనిచేసే పిల్లకి పెళ్ళి కుదిరినప్పుడు, పనయ్యాక తలుపులు మూయించి, ఒంటిచేత్తో దిండుకి గలీబు తొడిగే పందెం పెట్టింది. ఓడినవాళ్ళు ఆ గలీబు నెత్తికి తగిలించుకుని గదంతా చిందులెయ్యాలి. ఆ రోజు నవ్వినవాళ్ళు మళ్ళీ ఇంకో పెళ్ళెప్పుడా అని ఎదురుచూడటం మొదలుపెట్టారు. అలా అలవాటైపోయింది. ఎవరి పెళ్ళయినా సరే, ముందు వారం శనివారం మడతగదిలో ఆటలు. పెళ్ళికూతుర్ని దుప్పట్లతో అలంకరించే పోటీ ఒకటి, పెళ్ళికొడుకు జవాబులు కనిపెట్టడం ఒకటి, దుప్పటి కింద ఎవరున్నారో చెప్పే మూటలాట ఒకటి.

అన్నిట్లోకీ గొప్పది అత్త కుర్చీ. గదిలో ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీలో ఒకరు అత్తగారై కూర్చుంటారు. పెళ్ళికూతురు ఎదురుగా నిలబడుతుంది. అత్త తిడుతుంది, సాధిస్తుంది, దెప్పుతుంది. ముందు నవ్వినవాళ్ళు ఓడినట్టు. ఆ కుర్చీ ఎప్పుడూ మడతక్కదే. "ఏమ్మా, టీ పెట్టావా, కుంటలో నీళ్ళు వేడిచేశావా?" అని ఆమె మొదలుపెడితే నవ్వకుండా రెండో మాట దాకా నిలిచిన పెళ్ళికూతురు లేదు.

ఒక్కసారి మాత్రం ఆట పాడైంది. ఒక పిల్లకి కాబోయే అత్తగారు కబురైనా లేకుండా వచ్చి మూల కూర్చుంది. ఆవిడ ఎవర్నీ పల్లెత్తు మాట అనలేదు. ఊరికే చూసింది. ఆ చూపుకే గదంతా చప్పబడిపోయింది. టీలో ముంచిన బిస్కెట్లు కప్పుల్లోనే కరిగిపోయాయి. ఆ సాయంత్రం మడతక్క బల్ల చరిచి చెప్పింది: "ఇకమీదట అత్త వైపు మనిషెవరూ ఈ గుమ్మం తొక్కడానికి వీల్లేదు."

ఇప్పుడు ఆ అత్త ఆమే అయింది.

రోలరుకి తడి దుప్పట్లు అందించే అమ్మాయిని అందరూ చిలక అంటారు. ఎవరి గొంతైనా పట్టేస్తుంది. మేనేజరు దగ్గు, హోటళ్ళవాళ్ళ ఫోను మాటలు, అన్నీ వచ్చు. అన్నిటికన్నా బాగా వచ్చింది మడతక్క గొంతు. మడతక్క వెనక్కి తిరిగితే చాలు, "మడతంటే నుదుటి మీద ముడతనుకున్నావుటే?" అని మడతక్కే అన్నట్టు వినబడేది. మడతక్క తువ్వాలు విసిరేది. చిలక తల వంచేది. బల్లంతా నవ్వేది. ఆ నవ్వుతో పని సగం తేలికయ్యేది.

మడతక్క కొడుకు లాండ్రీ వ్యాను నడుపుతాడు. చిటికెలో దించాల్సిన మూటల్ని అతను రోలరు దగ్గర గంటసేపు దించుతున్నాడని ఊరంతటికీ తెలిసింది, తల్లికి తప్ప. తెలిశాక ఆమె సంతోషం పట్టలేక బల్ల మీద ఉన్న దుప్పటిని రెండుసార్లు మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది. కానీ పెళ్ళి ఖాయమైన రోజు నుంచి చిలక మారిపోయింది. "అక్కా, నువ్వు" అనే పిల్ల "మీరండీ" అనడం మొదలుపెట్టింది. మడతక్క వస్తే స్టూలు మీంచి లేచి నిలబడుతోంది. అందరి గొంతూ పలుకుతోంది, మడతక్క గొంతు మాత్రం మానేసింది.

"కోడల్ని తెచ్చుకుంటూ స్నేహితురాల్ని పోగొట్టుకుంటానేమో," అంది ఆమె భర్తతో.

"రూలు పెట్టినప్పుడే చెప్పాను," అన్నాడాయన. "నువ్వు బిగించిన లిఫ్టులో నువ్వే ఇరుక్కున్నావు."

తలుపు బయట మడతక్క కాసేపు నిలబడింది. బస్సు వచ్చింది. బస్సు వెళ్ళిపోయింది. అప్పుడామె లాండ్రీ చుట్టూ తిరిగి, మూటలు దించే వెనక గుమ్మంలోంచి దుప్పట్ల గదిలోకి వెళ్ళింది. 'చూసి వచ్చేస్తాను. చూస్తే ఏం పోయింది?' అనుకుంది. అరల మధ్య సందులోంచి మడతగది సగం కనబడుతోంది. అక్కడే నక్కింది.

దిండు పందెం జరుగుతోంది. ఒకతె గలీబు పళ్ళతో పట్టుకుంటోంది. "దొంగాట!" అని మడతక్క పెదాలు కదిలాయి, చెయ్యి అడ్డం పెట్టుకుంది. రెండు జట్లుగా విడిపోయి చిలకకి దుప్పట్లతో పెళ్ళి గౌను చుట్టారు. ఒక జట్టు తోక మరీ పొడుగు పెట్టింది. చిలక రెండడుగులు వేసి దానిమీదే కాలేసి, కేకు పెట్టె మీద పడబోయి, కిటికీ పట్టుకుని ఆగింది. గదంతా ఒకటే నవ్వు. మడతక్క కాలివేళ్ళ మీద ఎగిరెగిరి చూస్తోంది. ఆమె కాలు ఆగడం లేదు.

తరవాత పెళ్ళికొడుకు జవాబుల ఆట. ట్రాలీ అమ్మాయి ముందే మడతక్క కొడుకుని పట్టుకుని ఫోనులో జవాబులు రికార్డు చేసింది. ప్రశ్న చదవాలి, చిలక జవాబు ఊహించాలి, తరవాత ఫోను వినాలి. తప్పితే మూతికి క్రీము.

"ప్రశ్న! ఈ అమ్మాయి చేసే పనుల్లో నీకు అన్నిటికన్నా నచ్చేదేంటి?"

"నడక అని ఉంటాడు," అంది చిలక.

"అబ్బో! నడకట!"

ఫోను నొక్కారు. కొడుకు గొంతు సిగ్గుపడుతూ వచ్చింది. "మా అమ్మలా మాట్లాడటం. అదంటే చచ్చేంత ఇష్టం నాకు. ఈ మధ్య మానేసింది. ఎందుకే అంటే చెప్పదు. ఇంకేంటి... అంతే, కట్టెయ్."

గదిలో అందరూ చిలక వైపు తిరిగారు. అరల వెనక మడతక్క కాలివేళ్ళ మీంచి దిగింది.

"తప్పు! క్రీము! క్రీము!" అని అరిచి ట్రాలీ అమ్మాయే గదిని మళ్ళీ లేపింది. చిలక మూతికి క్రీము పూసుకుని నవ్వింది. కానీ ఆ నవ్వు సగంలో ఆగింది.

అత్త కుర్చీ వంతు వచ్చింది. కూర్చోబెట్టడానికి మనిషి కావాలి. మరకలు తీసే పిన్నిని లాక్కొచ్చారు. లాండ్రీలో అందరికన్నా పెద్దది, అందరికన్నా మెత్తనిది.

"తిట్టు పిన్నీ!"

పిన్ని గొంతు సవరించుకుంది. చిలకని పైనుంచి కిందిదాకా చూసింది. "ఏమ్మా... అలిసిపోయావా? కూర్చోరాదూ?"

"పిన్నీ! తిట్టమంటే!"

"ఎలా తిట్టనే? పొద్దున్నించీ నిలబడే ఉందే పిల్ల!"

"ఈ అత్త నాకు కావాలి! నా అత్తని ఇచ్చేసి మార్చుకుంటా!" అని ఎవరో అరిచారు. నవ్వారు, కానీ ఆట మాత్రం చల్లారిపోయింది. అరల వెనక మడతక్క చేతులు పిసుక్కుంది. 'అలా కాదు పిన్నీ. ముందు పాదాలు చూసి, "చెప్పులు బయట విడిచావా, లోపలికి ఊరంతా మోసుకొచ్చావా?" అనాలి!' ఆమెకి నాలుక మీద మాటలు ఉడుకుతున్నాయి.

"సరే, మూటలాట!" అంది ట్రాలీ అమ్మాయి. "దుప్పట్లు తెచ్చుకోండే!"

ఈ ముక్క మడతక్క ఆలోచించనేలేదు. దుప్పట్లుండేది ఈ గదిలోనే. కాళ్ళ చప్పుడు తోసుకొచ్చింది. వెనక గుమ్మం దూరం. చేతికందిన దుప్పటి లాగి, తల మీదుగా కప్పుకుని, మూలన ముడుచుకుని కూర్చుంది. దుప్పటి ఇంకా వెచ్చగానే ఉంది.

"అప్పుడే కప్పేసుకుంది చూడవే ఇది!" అంటూ ఎవరో ఆమె భుజం పట్టి లేపారు. "నడు నడు, చిలక గోడవైపు తిరిగి ఉంది, తొందరగా!"

మడతక్క నడిచింది. ఇంకేం చేస్తుంది? గొంతు విప్పితే గుట్టు రట్టు. మడతగది మధ్యలో అందరితో పాటు గొంతుక్కూర్చుంది. చుట్టూ తెల్లటి మూటలు, ఊపిరి ఆపుకుంటున్న కిలకిలలు. దుప్పటి లోపల అంతా తెల్లటి వెలుతురు. తనెప్పుడూ ఈ ఆట ఆడించిందే గాని, దుప్పటి కింద కూర్చోలేదని ఆమెకి అప్పుడు తోచింది. మోకాళ్ళు పట్టేస్తున్నాయి, చెవులు వేడెక్కుతున్నాయి, నవ్వొస్తోంది. ఇంత బాగుంటుందా ఇది!

చిలక వచ్చింది. ఒక మూట ముందు ఆగి, "దగ్గు," అంది. మూట దగ్గింది. "పిన్నీ!" దుప్పటి లాగేశారు. గోల. ఇంకో మూట ముందు నిలబడింది. "దగ్గక్కర్లేదు, గాజుల చప్పుడు ఆగట్లేదు నీకు!" మళ్ళీ గోల. మూటలు ఒక్కొక్కటే విడిపోతున్నాయి. అడుగుల చప్పుడు దగ్గరికొస్తోంది.

సరిగ్గా అప్పుడే మడతక్కకి తన దుప్పటి కిందున్న సందులోంచి పక్క మూట అంచు కనబడింది. అంచు లోపలికి తిరిగి ఉంది. మూల మీద మూల లేదు. పైగా ఒక మడత అడ్డంగా విరిగి, ఎండిన చేపలా పడుకుంది.

ఆమె కళ్ళు మూసుకుంది. తెరిచింది. అది అలాగే ఉంది.

దుప్పటి కిందనుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది. అంచుని వేళ్ళతో పట్టుకుని బయటికి తిప్పింది. బొటనవేలితో మడత మీద ఒక్క గీత గీసి చదును చేసింది. మూలకి మూల కలిపింది. ఒక్కసారి తట్టింది. మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

అడుగుల చప్పుడు ఆగిపోయింది.

కళ్ళు మూసుకుని పాలు తాగే పిల్లిలా, తన్నెవరూ చూడలేదనే అనుకుంది మడతక్క. చిలక ఆమె ముందు చాలాసేపు నిలబడింది. దగ్గమనలేదు. పక్కకి వెళ్ళిపోయింది. మిగిలిన మూటలన్నీ గబగబా విప్పించింది. చివరికి ఈ ఒక్కటే మిగిలింది.

"అందరూ ఇక్కడే ఉన్నారు కదే," అని ట్రాలీ అమ్మాయి గొణిగింది. "మరి ఇదెవరు?"

"నాకు తెలీలేదు," అంది చిలక. "ఓడిపోయాను. తెలీని మూటకి బహుమానం. తీసుకెళ్ళి అత్త కుర్చీలో కూర్చోబెట్టండి. దుప్పటి తియ్యొద్దు."

రెండు చేతులు మడతక్కని నడిపించి కుర్చీలో కూర్చోబెట్టాయి. ఆ కుర్చీ చేతులు ఆమెకి తన ఇంటి గడప కన్నా బాగా తెలుసు. కానీ ఇవాళ ఏం మాట్లాడుతుంది? ఇన్నాళ్ళూ ఈ కుర్చీలోంచి ఏమన్నా ఉత్తుత్తిదే. ఇవాళ ఇక్కడ్నుంచి ఏ మాటన్నా ఆ పిల్ల వెంట ఇంటిదాకా వస్తుంది. దుప్పటి ముక్కు దగ్గర లోపలికీ బయటికీ ఊగుతోంది.

అప్పుడు వినబడింది, ఎదురుగా, తన గొంతు.

"ఏమ్మా! ఆ కూర్చోవడం ఏంటి? మూట అన్నాక ఒక పద్ధతుండక్కర్లా? మూలలేవి? అంచులేవి? అది దుప్పటా, బురదలో పొర్లొచ్చిన దున్నపోతా?"

ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. ఆ మాట, ఆ సాగదీత, చివర ఆ ముక్కు విరుపు, అన్నీ ఆమెవే. మడతక్క పెదాలు కొరుక్కుంది.

"మడతంటే నుదుటి మీద ముడతనుకున్నావుటే? ఇదిగో, చూడు నా వేళ్ళు. ఇవి వేళ్ళు కావు, ఇస్త్రీ పెట్టెలు. బస్సులో పరాయావిడ స్కార్ఫుని కూడా వదల్లేదు ఈ వేళ్ళు. ఆవిడ తిట్టిన తిట్లకి చెవులు మాత్రం నలిగిపోయాయి, వాటిని ఎవరు ఇస్త్రీ చేస్తారు?"

దుప్పటి భుజాల దగ్గర వణకడం మొదలుపెట్టింది. కుర్చీ కిర్రుమంది.

"ఇంకో మాట," అంది ఆ గొంతు, ఒక వేలు ఆడించినట్టే. "మా అబ్బాయి చొక్కాలు వాడే ఇస్త్రీ చేసుకుంటాడు. నువ్వు ముట్టుకున్నావంటే నీ పని చెప్తా. నలిగితే నలగనీ. వ్యాను తోలేవాడికి చొక్కా మడతలెందుకు? ముందు వాణ్ణి ఆ వ్యాను తిన్నగా పెట్టడం నేర్చుకోమను!"

అంతే. మడతక్కకి కడుపులోంచి తన్నుకొచ్చింది నవ్వు. దుప్పటి జారిపోయింది, జుట్టు రేగిపోయింది, కళ్ళ నీళ్ళు కారుతున్నాయి, కుర్చీ చేతులు పట్టుకుని ఊగిపోతూ నవ్వింది. నవ్వి నవ్వి తల ఎత్తేసరికి గదిలో ఒక్కరూ నవ్వడం లేదు. అందరూ గుడ్లప్పగించి ఆమెనే చూస్తున్నారు. పిన్ని నోరు తెరిచే ఉంది. చిలక మొహంలో రంగు లేదు. మూతి మీద క్రీము మాత్రం ఇంకా ఉంది.

"నవ్వారు," అంది చిలక నెమ్మదిగా. తరవాత మాట మార్చింది. "నవ్వావు. ఓడిపోయావు అక్కా."

మడతక్క కళ్ళు తుడుచుకుంది. ఆ 'అక్కా' కోసమే తను బస్సు వదిలేసిందని ఇంకెవరికీ తెలియనక్కర్లేదు అనుకుంది.

"ఓడితే ఓడాన్లే. ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావే ఈ గొంతు?"

"మా ఇంట్లో అందరూ చెప్పారు. అత్తగారి ముందు నవ్వకూడదు, వేళాకోళం అసలే కూడదు అని. నాకేమో నోరు మూసుకుంటే ఒళ్ళంతా దురద."

"నవ్వకుండా మా ఇంట్లో ఎలా ఉంటావే? మీ మామగారు అన్నీ లిఫ్టు సామెతలే చెప్తారు."

ముందు పిన్ని నవ్వింది. ఆ తరవాత గదంతా ఒక్కసారి గుప్పుమంది. ఆ గోల మధ్యలో ట్రాలీ అమ్మాయి చెయ్యెత్తింది. "మరి రూలు? అత్త వైపు మనిషి గుమ్మం తొక్కకూడదన్నావు కదా?"

"గుమ్మం ఎక్కడ తొక్కాను? మీరే మూటకట్టి మోసుకొచ్చారు!"

"అది కాదు," అంది చిలక. "పెళ్ళెప్పుడు? వచ్చే ఆదివారం కదా! అందాకా అక్కే."

"ఆ తరవాత?" అని అడిగింది మడతక్క. అడుగుతూనే జారిన దుప్పటిని మడతపెట్టడం మొదలుపెట్టింది.

చిలక ఆలోచించింది. "ఇంట్లో అత్తయ్యా అంటా. ఇక్కడ అక్కా అంటా. నీ గొంతు మాత్రం రెండు చోట్లా వదలను."

"వదిలితే నీ పని చెప్తా."

"అదిగో, నా మాటే అనేసింది!"

"నీదేంటే, అది నాదే!"

కేకు కోశారు. క్రీము సగం కిటికీకే అంటుకుంది, మిగతాది చాలింది. మళ్ళీ మూటలాట కావాలని అందరూ అరిచారు. ఈసారి మడతక్క ముందే కూర్చుంది. చిలక గోడవైపు తిరగబోతూ ఆగింది.

"ఉండండుండండి. అక్క చేతులు వెనక్కి కట్టండి. లేకపోతే ఆటలో పసే ఉండదు."

దిండు గలీబుతో చేతులు కట్టేశారు. ఆమె "అన్యాయం!" అని అరుస్తుండగానే దుప్పటి కప్పేశారు. మళ్ళీ ఆ తెల్లటి వెచ్చటి వెలుతురు. మళ్ళీ కిలకిలలు. అడుగుల చప్పుడు దూరంగా మొదలైంది. ఈసారి ఎవరికీ దొరకకూడదని మడతక్క ఊపిరి బిగబట్టింది. కళ్ళు కూడా మూసుకుంది. కాసేపు ఆగి, ఎందుకో ఒక కన్ను తెరిచింది.

పక్క మూట పిన్నిది. అంచు మళ్ళీ లోపలికి తిరిగి ఉంది.

"కాలు!" అని చిలక గది అవతలి చివర్నుంచే కేకపెట్టింది. "కాలు చూడండే! కాలి వేళ్ళతో సర్దుతోంది! అక్కా, దొరికిపోయావ్!"